ఎలా ఉంది?

మా కొండ మీద అంజూరం
పండినంత మాత్రాన పండినట్టు కాదు.
ఊరి పెద్దలు రాతి అరుగు మీద కూర్చుని
ఇక కోసుకోండి అనాలి.
అప్పటిదాకా తోట నీదే, చెట్టూ నీదే,
చెయ్యి మాత్రం నీది కాదు.

ముందే కోస్తే జరిమానా.
నీడపట్టున ఉన్న చెట్లు ఆలస్యంగా పండుతాయి,
ఆ చెట్లవాళ్ళు చూస్తూ కూర్చోకూడదని,
ఊరందరి నోరూ ఒక్క రోజే తీపి కావాలని
ఎప్పుడో ఎవరో పెట్టిన కట్టు.
తొమ్మిదేళ్ళప్పుడు కూడా
నాకిదంతా తెలుసు.

జూన్‌లో మగ అంజూరాలను దండలు గుచ్చి
నేనే కదా కొమ్మలకు వేలాడదీసింది!
వాటిలోంచి పురుగంత ఈగలు లేచి
పచ్చికాయల కంటిలోకి దూరుతుంటే
లెక్క పెడుతూ నిద్రపోయింది నేనే కదా.

ఆ ఆగస్టులో
మేకల దారి పక్కన, వహీబా అత్త గోడ మీదుగా
ఒక పండు మెడ వాల్చింది.
నల్లగా, నిండుగా,
తొక్క బిగువు తాళలేక సన్నగా తెల్లగా చిట్లి.
అడుగున ఒక్క తేనె బొట్టు
కారాలా వద్దా అని ఆగి ఉంది.

నేను ఆగలేదు.

తుంచితే తొడిమ పాలు కక్కింది.
రెండు బొటనవేళ్ళతో విప్పాను.
అత్తి పువ్వును చూసినవాళ్ళు లేరంటారు.
అబద్ధం.
ఎర్రగా, చెమ్మగా, కిక్కిరిసి
ఎన్ని వందల పూలో లోపలే పూసి
తలుపు వేసుకుని కూర్చున్నాయి.
ఇంకా ఎండ వేడి ఆరని పండు.
గింజలు పళ్ళ కింద చిటచిటమన్నాయి,
తీపి ఇసక.
తొక్క కూడా మింగేశాను, సాక్ష్యం ఎందుకని.

సాయంత్రానికి మూతి మండింది.
పెదాల మూలల్లో ఎర్రటి పొక్కులు.
పచ్చిపాలు చాడీలు చెబుతాయని
నాకెవరూ చెప్పలేదు.
యెమ్మా చూసింది, ఏమీ అనలేదు.
వేలితో ఆలివ్ నూనె రాసింది,
కాస్త గట్టిగానే.

మర్నాడు అరుగు ముందు నిలబెట్టారు.
జరిమానాల పుస్తకం అక్లీ తాత దగ్గరుంటుంది.
కళ్ళద్దాలు సవరించుకుని
“ఎన్ని?” అన్నాడు.
ఒకటి.
“ఏ చెట్టు?”
చెప్పాను.
“ఎలా ఉంది?”

ఆ ప్రశ్న కట్టులో లేదు.
పెద్దలు నవ్వాపుకోవడానికి దగ్గారు.
తలెత్తి చూశాను.
తెల్ల మీసం కింద, పెదవి మూలన
ఆయనకీ ఒక ఎర్రటి పొక్కు,
నూనె రాసి మెరుస్తోంది.

బాగుంది, అన్నాను.
ఇంకేమీ అనలేదు.
ఆయన తల వంచుకుని రాశాడు,
చాలాసేపు రాశాడు.
ఒక్క పండుకి అంత రాత ఎందుకో.
నాన్న ఇరవై దీనార్లు కట్టాడు.

శుక్రవారం తోటలు తెరిచారు.
ఆకులు పరిచిన బుట్టలు, నిచ్చెనలు, కేకలు.
పొద్దున్నే బార్లీ రొట్టెలో అంజూరం నొక్కుకుని
పైన మజ్జిగ తాగి
మధ్యాహ్నం అన్నం ఎవరికీ గుర్తు రాలేదు.
వహీబా అత్త గోడ దాకా వచ్చి
దోసెడు పళ్ళు నా ఒళ్ళో పోసి
“ఇవి లెక్కలోవి” అని వెళ్ళిపోయింది.
తిన్నాను. బాగున్నాయి.
ఆ ఒక్కదానంత కాదు.

ఇప్పుడు తిజీ ఉజూలో నేను పళ్ళ డాక్టర్ని.
వేసవి చివర ముసలివాళ్ళు వరసగా వస్తారు,
పిప్పిపన్నులో గింజ ఇరుక్కుందని.
ఏ ఊరని అడుగుతాను. దీపం దించుతాను.
కొందరికి మూతి మూలన ఎర్రటి పొక్కు.
వాళ్ళ ఊళ్ళో తోటలు ఇంకా తెరవలేదని నాకు తెలుసు.

ఎలా ఉంది? అంటాను.
నోట్లో నా అద్దం ఉంది కాబట్టి
జవాబు చెప్పలేరు.
కళ్ళు మూసుకుంటారు.