ట్యూషన్

మందు ఏడ దొరుకుతదో అడుగుండ్రి, చెప్త.
షార్జా సజ్జ క్యాంపుల
నీళ్ల ట్యాంకర్ల వెనుక మూడో ఇసుక కుప్ప,
చెప్పుతోని తంతే టక్కుమంటది సీసా.
చీకట్ల రెండు ఈలలేస్తే సరుకున్నట్టు,
ఒక్కటేస్తే పోలీసు బండి తిరుగుతున్నట్టు.
ఏడేండ్లల్ల ఈ ఎడారి మ్యాపు
నా నాలికె మీదనే గీసుకున్న.

మానిపిచ్చే జాగ ఏడుందో
ఎవల్నడగాలె?
ఫోర్‌మన్‌నడిగితే వీసా మీదికొస్తది.
రూముల ఎనిమిది మంచాలు.
పై మంచం మీద గొణిగిన మాట
తెల్లారేసరికి బస్సంతా నవ్వయితది.
మా మండలపోడే గదా అని సాయన్న దగ్గరికి పోయి
ఉల్లిగడ్డల ధర అడిగి మళ్లొచ్చిన.

ఆఖరుకు అడిగింది
అమ్మేటోన్నే.

ముత్తెన్న, బాల్కొండ దిక్కోడు,
సీసా మూత బిగిస్తున్నోడు ఆగిండు.
నన్ను చూడలే, నా చేతుల నోటు చూసిండు.
"నాకెర్క లేకుంటే ఎవనికెర్కరా రాజలింగూ,
నా గిరాకి నలుగురు పోయింది ఆడికే.
రోలాల టైలర్ దుకాణం మీద, రెండో అంతస్తు,
ఆదివారం పొద్దుగూకినంక.
పోతే పో. బాకీ కట్టి పో."
నూట నలభై బాకీ.
ఎనభై కట్టిన.

మొదటి ఆదివారం ఆ మెట్ల దాకా పోయి
కాళ్లు ఎత్తలేక
టైలర్‌కు ప్యాంటు పొడుగు తగ్గియ్యమని ఇచ్చి
ఒంటి మీదున్న లుంగీతోని తిరిగొచ్చిన.
రెండో ఆదివారం ప్యాంటు కోసమే పోయిన,
ఒట్టు, ప్యాంటు కోసమే.
టైలర్ పైసలు తీసుకోలే.
నోట్ల దారం పట్టుకొనే
గదుమతోని మెట్ల దిక్కు చూపిచ్చిండు.

పిల్లల ట్యూషన్ గది అది.
ఎర్రవి, పసుపువి, జానెడు కుర్చీలు.
క్రేన్లు నడిపేటోళ్లు, రాడ్లు వంచేటోళ్లు
మోకాళ్లు గదుమకు తాకంగ కూసున్నరు పదకొండు మంది.
బోర్డు మీద ఏడో ఎక్కం,
ఏడెనిమిదుల కాడ ఎవరో తప్పు రాసి తుడిచిండ్రు.
గోడకు మలయాళం అక్షరాలు,
మన అక్షరాలకు మేనబావల లెక్క గుండ్రంగ.

తంకచ్చన్ అనెటాయన మాట్లాడుతుండు.
ఒక్క ముక్క సమజ్ అయితలేదు.
ఫ్యాన్ చప్పుడు వింటున్న.
గంతల్నే ఆయన నోట్లకెల్లి
"కల్లు" అని పడ్డది.
గా ఒక్క మాటకు అన్ని తలకాయలు ఒక్కపారే వంగినయ్.
తర్వాత ఆయన సెలవు మీద ఇంటికి పోయిన ముచ్చట చెప్పిండనుకుంట,
చెయ్యి పైకెత్తిండు,
గాలిల ఆపిండు,
దాన్ని తనదే కాదన్నట్టు చూసి
దించుకుండు.
ఆ చెయ్యి నాకెర్కే.
రెండేండ్ల కింద నా భుజానికే ఉండె.

నా వంతొచ్చింది.
"మేరా నామ్ రాజలింగు" అన్న,
నాకొచ్చిన హిందీ ఆడికే ఆగింది.
ఇగ తెలుగుల మొదలువెట్టిన.
ఎవ్వలకు తెల్వదు నా భాష,
అబద్ధం ఎవలికోసం ఆడాలె?
భూలక్ష్మి పుస్తెలతాడు ఏడ కుదువవెట్టిన్నో,
బిడ్డ పుట్టిన దినం ఏ ఇసుక కుప్ప పక్కన పడున్ననో,
అన్నీ చెప్పిన.
ఎవ్వరు గడియారం చూడలే.
అయిపోయినంక తంకచ్చన్ చాయ్ పోసిచ్చిండు,
నా చెయ్యి వణుకుడు చూసి
సగం గిలాసే నింపిండు.

రాత్రి ఫోన్.
"నాలుగు సార్లు చేసిన, ఏడున్నవ్?"
"ట్యూషన్‌కు పోయిన."
అటు దిక్కు సప్పుడు లేదు.
ఏడేండ్ల సంది ఆమె వేసే పరీక్షే ఇది,
నా మాటల తడి ఎంతుందో చెవితోని కొలుస్తది.
"ఎర్ర లారి తెల్ల లారి అను, ఐదు సార్లు."
అన్న.
నాలుగోసారి నాలికె తిరగలే.
తాగి కాదు, నవ్వొచ్చి.
ఆమె నవ్వలే.
"మళ్ల మొదటి సంది అను" అన్నది.