పాలబిళ్ళలు

మా ఊళ్ళో నవంబరు వచ్చిందంటే
పాలకు గిన్నెతో పనుండదు.

సాయంత్రం పితికినవి
పళ్ళేల్లో పోసి బయట బల్లమీద పెడతాను.
పొయ్యిలో రెండు కట్టెలు ఎగదోసి వచ్చేలోపు
మీగడ మీద సన్నటి ముడత,
దీపం వెలిగించే వేళకు రాయి.
పళ్ళెం అడుగున వేన్నీళ్ళు చిలకరిస్తే
టక్కున ఊడి చేతిలో పడుతుంది బిళ్ళ.
అచ్చం చంద్రుడే అందామనుకుంటాను గానీ
చంద్రుణ్ణి ఎవరు మోశారు గనక.

కొట్టులో దొంతరగా పేరుస్తాను.
పక్కన బకెట్లో చేపలు
తోకల మీద నిలబడి, నోళ్ళు తెరుచుకుని,
ఏదో అడగబోయి ఆగినట్టు.
గోనెలో గుర్రం మాంసం.
డబ్బాలో అడవి ఎర్రపళ్ళు
కదిపితే గులకరాళ్ళ చప్పుడు.
గేటు పక్కన, సరస్సు నుంచి కోసి తెచ్చిన మంచుదిమ్మలు:
అవే మా తాగే నీళ్ళు.
దాహమేస్తే గొడ్డలి వెతుక్కుంటాం.

యకూత్స్క్ నుంచి కోడలు కున్నేయ్
ఫ్రిజ్ పంపింది, మనిషంత ఎత్తుది.
సెమెన్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి
"చలిని డబ్బులిచ్చి కొంటారా?" అన్నాడు.
వసారాలో నిలబెట్టాం. తీగ గోడకు తగిలించనే లేదు.
ఉల్లిపాయలూ గుడ్లూ లోపల పెట్టి
పైన గొర్రెతోలు కప్పితే
అవి గడ్డకట్టవు.
ఎక్కడైనా అది చల్లబరిచే పెట్టె,
మా ఇంట్లో కంబళి.

ఇక చువోరాన్ సంగతి.
చువోరాన్ అంటే మా మాటలో చిరుగంట.
పద్నాలుగేళ్ళ ఆవు, పళ్ళరిగిపోయింది.
ఆ వేసవి లేనా నది పొంగి పచ్చికబయళ్ళు మునిగాయి,
ఉన్న గడ్డి రెండో ఆవుకే చాలదు.
డిసెంబరు మొదట్లో సెమెన్ కత్తి నూరుతుంటే
నేను లోపలికెళ్ళి రేడియో గట్టిగా పెట్టాను.
మాంసం తిన్నాం. తినకపోతే దానికి అవమానం.
నాలుక నేనే వండాను.

దాని ఆఖరి వారం పాలు ఏడు బిళ్ళలు.
ఒక్కోటీ తెచ్చి, రంపంతో కోసి, టీలో కరిగించాను.
తెల్లగా రాలిన పొట్టు కుక్క నాకింది.
ఆరు అయిపోయాయి.
ఏడోదాన్ని దొంతర అడుక్కి తోసి
పైన రెండో ఆవు పాలు పేర్చాను.
సెమెన్ చూశాడు, ఏమీ అనలేదు.
ఆ రోజు నుంచి బిళ్ళలు లెక్కపెట్టినప్పుడల్లా
ఒకటి తగ్గించి చెప్పేవాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, యాభై రెండు డిగ్రీలు,
సున్నాకు కింద అని మేం విడిగా చెప్పం,
తలుపు మీద మోచేత్తో కొట్టిన చప్పుడు.
గడ్డి లారీ డ్రైవరు న్యుకులాయ్.
నడిదారిలో డీజిలు జావయిపోయిందట,
మూడు కిలోమీటర్లు నడిచొచ్చాడు.
రెప్పలు అతుక్కుని కన్ను తెరవలేక
"టీ" అన్నాడు. అంతే.

కొట్లోకి పరిగెత్తాను.
దొంతర లేదు.
మొన్న చెల్లెలి కొడుకు పెళ్ళికి పన్నెండు పంపాం,
రెండో ఆవు చూలుతో వట్టిపోయింది,
అడుగున ఒక్కటే.

నిలబడ్డానా అంటే, నిలబడ్డాను.
ఆ చలిలో ఎవరూ ఎక్కువసేపు నిలబడలేరు,
అది నా అదృష్టం.

రంపం తీయలేదు. బిళ్ళ మొత్తం గిన్నెలో వేశాను.
అంచులు ముందు కరిగాయి, పసుప్పచ్చటి మీగడ జారింది,
ఇల్లంతా ఎండుగడ్డి వాసన, పశువుల కొట్టం వాసన.
నడుమ ముక్క తిరుగుతూ తిరుగుతూ
ఒక ఎర్రటి వెంట్రుకను వదిలింది.
చిటికెన వేలితో తీశాను.

న్యుకులాయ్ నాలుగు కప్పులు తాగాడు.
ముఖంలోకి రంగొచ్చాక అడిగాడు:
"మంచి పాలు. ఆవు పేరేంటి?"
"చువోరాన్."
"ఎన్ని లీటర్లిస్తుంది?"
సెమెన్ పొయ్యికేసి చూస్తూ
"ఇస్తుంది, ఇవ్వాల్సినన్ని," అన్నాడు.

తెల్లారాక లారీని బతికించుకుని
వాకిట్లో నాలుగు మోపుల గడ్డి దించి పోయాడు.
డిసెంబరులో వచ్చుంటే
అని నేను అనలేదు. సెమెన్ కూడా అనలేదు.
ఇద్దరం చెరో మోపూ ఎత్తుకున్నాం.

వెంట్రుకను వంటింటి కిటికీ అద్దానికి అంటించాను.
సాయంత్రానికి మంచు దాన్ని పట్టుకుంది.
ఏప్రిల్ దాకా పట్టుకునే ఉంటుంది.