మూడు పాళ్ళు

వంతు నూనె, వంతు వార్నీషు, వంతు టర్పెంటైను.
రాసుకోరా, అన్నారు పేరాచారి గారు.
రాసుకున్నాను.
ఆ కాయితం మీదే నూనె మూకుడు దించారు.

నర్సాపురం, వలంధర రేవు వెనక రేకుల షెడ్డు.
గోదారి గాలి చెప్పులు విప్పకుండానే
లోపలికి వచ్చేసేది.
శ్రావణంలో టేకుకి కూడా చెమట్లు.
పొద్దున పూసింది మర్నాటి పొద్దుటికీ
వేలికి అంటుకుని
"ఇంకా అవలేదండీ" అనేది.

అప్పుడు పాళ్ళు మారేవి.
గ్లాసుతో కాదు, ముక్కుతో.
అవిసె నూనెకి పచ్చివాసన పోయి
వేగిన శనగల దాకా రావాలి,
దాటిందా, పొయ్యి పాలు.
గుగ్గిలం పలుకులు పడితే బుస కొట్టాలి గానీ
పొంగకూడదు.
పొంగితే మూత పడేసి వెనక్కి దూకు,
నీళ్ళు మాత్రం పొయ్యకు,
నూనె మంటకి నీళ్ళు దాయాది.
టర్పెంటైను గారు (ఆయన దానికీ గారు తగిలించేవారు)
పొయ్యి ఆరాకే, అదీ వీధిలోనే, కలవాలి.

మోరి నుంచి లూర్దమ్మ వచ్చేది,
జీడితొక్కల నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బస్సులో.
నల్లటి పాకం. చుక్క పడితే బొబ్బ.
పడవ అడుగుకి అదే మందు,
ఉప్పుటేట్లో పురుగు పన్ను పెట్టదు.
పాతికేళ్ళు జీడిగింజలు కొట్టిన చేతులు ఆవిడవి.
రేషను షాపు మిషను మూడుసార్లు నొక్కించుకుని
నువ్వెవరో తెలీదందట.
ఆ మాట నవ్వుతూనే చెప్పింది, డబ్బులు లెక్కెట్టుకుంటూ.

ఓసారి కూతురి కానుపుకి తొట్టి అడిగింది.
"మెరవాలండి, ఆయ్."
ఆచారి గారు జీడి డబ్బాని గడప అవతల పెట్టించారు.
వార్నీషు మూత బిగించారు.
"పళ్ళొచ్చేప్పుడు పిల్ల అంచు కొరుకుద్ది.
నూనొక్కటే పట్టించు. కాస్త తేనెమైనం."
మూడు పాళ్ళలో రెండు అలా వెళ్ళిపోయాయి.
ఇరవై రోజులు, ఆరు పూతలు,
అరచేతి వేడికి మించి పనిముట్టు లేదు.

ఆరో పూత నాటి రాత్రి
నూనె గుడ్డలు ఉండ చుట్టి బల్ల కిందకి తోసి
ఇంటికి పోయి పడుకున్నాను.
తెల్లారగట్ట పొగ.
అగ్గిపుల్ల లేదు, బీడీ లేదు.
ఆరే నూనెకి జ్వరమొస్తుందట.
పరిస్తే గాలికి దిగిపోతుంది,
మూట కడితే అంటుకుంటుంది.
తొట్టి కోడు ఒకటి జానెడు మేర నల్లబడింది.

తిట్టలేదాయన.
మిగిలిన గుడ్డలు తీగ మీద
ఉప్పుచేపల్లా విడివిడిగా ఆరేయించి
పక్కనే నన్నూ కాసేపు నిలబెట్టారు.

చిత్రికతో గీకాను. నలుపు పైపైన లేదు.
కోడు మార్చేస్తానండి, రెండ్రోజులు ఆగండి అన్నాను.
లూర్దమ్మ వంగి బొటనవేలితో ఆ మచ్చ రుద్దింది.
వేలు చూసుకుంది.
మళ్ళీ రుద్దింది.
"నా చెయ్యిలాగే ఉంది. ఉండనివ్వండి,
అమ్మమ్మ పట్టుకుందనుకుంటుంది."

ఇప్పుడు షెడ్డు నాది. ముక్కు కూడా కొంచెం నాదే.
కొలతలు చెప్పండి అని కుర్రాడు ఫోను తీస్తే
ఆ పాత కాయితం ఇస్తాను.
నూనె తాగి తాగి అది అద్దమైపోయింది.
అక్షరాలు ఎప్పుడో కరిగాయి,
మూకుడు గుండ్రం ఒక్కటీ గోధుమరంగులో మిగిలింది.
కిటికీకి ఎత్తి పట్టుకుని వెతుకుతాడు వాడు.
గుండ్రంలోంచి
అవతల పంటు రేవు దాటడం కనిపిస్తుంది.