గీత మీద కాలు

పొద్దుగాల అయిదున్నరకు అబూ షగారా మలుపుల
ఎక్కే పిల్లలకు కాళ్ళున్నయని ఎవ్వలు నమ్మరు.
బ్యాగులే నడిచొచ్చి సీట్లల్ల కూలబడ్తయ్.
డ్రైవరద్దంల సూస్తె
కిటికీలకు ఆనిన నుదుర్లు,
గాజు మీద చిన్న చిన్న ఆవిరి బిళ్ళలు.

వాళ్ళే స్పోర్ట్స్ మీట్ నాడు బూట్లు బిగిచ్చుకొని
నేను గుర్తువట్టనంత వేరే మనుషులైతరు.

మెట్‌పల్లిల పెండ్లిండ్లకు ఫోటోలు దీసిన చెయ్యి నాది.
పెండ్లిల "ఇటు సూడుండ్రి" అంటె అయ్యగారు గూడ ఆగుతడు,
తలంబ్రాలు మల్లొక్కపారి పొయ్యమంటె పోస్తరు.
దూకిన పిల్లను మల్లొక్కపారి దూకమని ఎట్లంటం?

రోలాల పాత కెమెరా దొరికింది,
నాలుగు నెలల ఓవర్‌టైం దానికే.
ఏసీ బస్సులకెల్లి బయటికి దీస్తె చాలు,
సముద్రపు ఉక్క అద్దానికి కండ్లకలక వెడ్తది.
తుడిస్తె మల్ల వడ్తది.
ఎండల పావుగంట వెట్టి కావలి ఉండాలె,
అంతల హీట్సు అయిపోతయ్.
మాపటికి ఫ్లడ్‌లైట్లు:
ఒక ఫోటోకు కామెర్లు, పక్కదానికి సలిజ్వరం.

మొదటి ఏడు నాకు దొరికినయన్నీ
దాటిపోయిన కాళ్ళ వెనుక లేచిన ఇసుక,
సగం బంతి, ఎవలిదో మోచెయ్యి,
తెగినంక ఊగే రిబ్బను.
అప్పుడు సమజైంది, కంటికి ఆనినంక నొక్కితె ఆలస్యమే.
రోడ్డు మీద లెక్కనే:
ముంగటి బండి బ్రేకు లైటు గాదు,
ఆ డ్రైవరు భుజం సూడాలె.

గ్యాలరీల అమ్మనాయినలు సగమే, మిగిలినోళ్ళు డ్యూటీల.
ఖాలిద్ పోర్టుల క్రేను మీదికెల్లి ఒక తండ్రి
బొటనవేలు బొమ్మ ఒక్కటి పంపుతడు,
అర్ధరాత్రి మల్ల, "ఇంకోటున్నదా?"

నిన్న లాంగ్ జంపుల జెస్న ఆఖరి దూకు.
పదకొండో తరగతి, కింగ్ ఫైసల్ రోడ్డు స్టాపు,
రోజు నాలుగో కిటికీ కాడ వండుకునే పిల్ల.
ఉరికింది. పలక తన్నింది. లేచింది.
నొక్కిన.
ఆమె ఇసుకల వడ్డ దూరం సూసి గ్యాలరీ అంత లేచింది,
అంతలనె ఎర్ర జెండ గూడ.

కురియన్ సారు ఉరుక్కుంట వచ్చిండు:
"లింబాద్రీ, సూపెట్టు, కాలు గీత మీదున్నదా?"
జడ్జి వచ్చిండు, అవతలి స్కూలు మేడం వచ్చింది.
అరచెయ్యంత తెర మీద ఆరు తలకాయలు వంగినయ్.
ఫోటోల కాలు లేదు. గీత లేదు. పలక లేదు.
నడుము నుంచి పైకి జెస్న,
జడ గాలిల నిలవడి,
కింద ఏమున్నదో యాదిలేని మొఖం.
"మంచిగుంది గనీ," అన్నడు సారు, "పనికి రాదు."
టేపు సుత గుంజలే.

ఇయ్యాల చీకట్ల బస్సెక్కుతూ
"లింబా భయ్యా, ఫోటో" అని చెయ్యి జాపింది.
రాత్రే ప్రింటు గొట్టిచ్చిన.
మెట్టు మీదనె నిలవడి సూసింది,
ఎనుకకెల్లి పిల్లలు నూకుతున్నరు, ఎవలిదో కారు హారను.
"అయ్యో, కండ్లు మూసుకున్న" అన్నది.
"నేను రోజు సూసే మొఖమే గద" అన్న.
నవ్వలే.
లెక్కల పుస్తకంల వెట్టుకొని నాలుగో కిటికీ కాడికి పోయింది.

సిగ్నల్ కాడ అద్దంల సూసిన.
అందరు వండుకున్నరు.
ఆమె పుస్తకం తెరిచింది, మూసింది,
మల్ల తెరిచింది.