లెక్క సరిపోయింది

సాయంత్రం ఆరుకు తాళం.
వరసగా కూచోబెట్టి తలలు లెక్కపెడతా.
చిత్తూరు జైలు, మూడో బ్యారక్, నలభై ఆరు.
ఇరవై మందికని కట్టిన గది అది.
ఆ సంగతి ఏ రిజిస్టర్లోనూ ఉండదు.
పలక మీద సుద్దముక్కతో నలభై ఆరు అని రాసి
గంట కొడతా.
తెల్లారి మళ్లీ అంతే. నలభై ఆరు.
పంతొమ్మిదేండ్ల సర్వీసులో
ఒక్క పొద్దన్నా నా లెక్క తప్పలేదబ్బా.

చెంగల్రాయుడు నగరి పిలగాడు. ఇరవై రెండేండ్లు.
మరమగ్గాల షెడ్డులో పెరిగినోడు.
చప్పుడుంటేగానీ నిద్ర పట్టదని
మొదటి రోజు నాతో నవ్వతా చెప్పినాడు.
కేసు పెద్దది కాదు.
జామీనుకు నిలబడే ఇద్దరు దొరకలేదు, అంతే.

ఏడో రోజుకు నవ్వు లేదు.
తొమ్మిదో రోజు
లుంగీ మీద తువ్వాల, తువ్వాల మీద ముడి, ముడి మీద ముడి.
మగ్గం పనోళ్ల ముడి అది, పంటితోగానీ ఊడదు.
స్నానాల తొట్టి కాడికి రాడు.
కూడు సగం వదిలేస్తాడు.
రాత్రంతా గోడకి వీపు ఆనించి కూచోనుంటాడు.
నేను టార్చి వేస్తే
చేతులు కండ్లకి కాదు,
కడుపుకి అడ్డం పెట్టుకున్నాడు.

చూసినా.
చూసి, నలభై ఆరు అని రాసుకున్నా.

ఒక మాట ఒప్పుకోవాల.
మరుగుదొడ్డి సందులో బల్బు పోయి అప్పటికి పదకొండు రోజులు.
ఇండెంటు రాసినా. స్టోరు నుంచి రాలేదు.
బజార్లో తొంభై రూపాయలు.
మా ఇంటి వసారాలో అట్లాంటిది
పగలు కూడా వెలగతానే ఉంటాది.

"మగోడికేమయితాదిలే" అన్నాడు నాతోటి డ్యూటీ ఆయన
చెనిక్కాయలు ఒలస్తా.
నవ్వినాడు. నేనూ నవ్వినానేమో, గుర్తులేదు.
గుర్తులేదంటే నవ్వినాననే.

ఆ బ్యారక్‌లో అందరికీ తెలుసు.
నలభై మూడు మంది అటు తిరిగి పడుకున్నారు.
నేను గోడకి ఇవతల
నిలబడే నిద్రపోయినా.

అడిగింది కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నవనీతం.
గజ్జి చూడాలని పిలిపించి, మమ్మల్ని బయటికి పంపి,
"తలుపు వెయ్యనా, తీసి పెట్టనా? నీ ఇష్టం" అనింది వాణ్ణి.
నీ ఇష్టం అనే మాట విని ఎన్నాళ్లయిందో,
జవాబుకి చానాసేపు పట్టింది.
తీసే పెట్టమన్నాడు.
అందుకని ఒక మాట నా చెవిన పడింది.
పడినాక పదడుగులు దూరం పోయినా.

"నేను అరవలేదు మేడం.
అరవకుంటే ఒప్పుకున్నట్టా?"

మిగతాది వాని సొత్తు, నేను రాయను.
ఇది రాస్తా ఉండా, ఎందుకంటే
ఇది ఆమెను ఒక్కదాన్నే అడిగింది కాదు.

ఆ తర్వాత రిపోర్టు. కేసు. ఇద్దర్ని వేరే గదికి మార్చినారు.
బల్బు ఒక్క పూటలో వచ్చింది.
కొత్తగా వచ్చేవాళ్లని
మొదటి వారం వాకిలి కాడే పడుకోబెడతా ఉండాం,
నా కంటికి ఎదురుగా.
ఫిర్యాదు పెట్టె తాళంచెవి ఇప్పుడు మా దగ్గర లేదు,
కోర్టు నుంచి వచ్చే లాయరమ్మ కాడ ఉంటాది.
ఎవరైనా ముడులెక్కువేసుకుంటే
ఆ పొద్దే డాక్టరమ్మకి చెప్పాల.
అంతా కలిపి మూడువేలు కూడా కాలేదు.
నన్ను తినేది అదే.

మొన్న బస్టాండులో చూసినా వాణ్ణి.
పుత్తూరు బస్సు వచ్చింది, జనం తోసుకుంటా ఉండారు.
వాడు స్తంభానికి వీపానించి
అందరూ ఎక్కేదాకా ఆగినాడు.
వెనకాల ఎవరో అవ్వ "జరుగు నాయనా" అని భుజమ్మీద చెయ్యేస్తే
ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నాడు.
బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చింది. అదీ పోయింది.
నన్ను గుర్తుపట్టినాడు.
దండం పెట్టలేదు.
పెట్టుంటే నేను తట్టుకోలేను.

రాత్రి డ్యూటీ. నలభై ఒకటి. లెక్క సరిపోయింది.
రెండింటికి సందులోకి పోయి చూస్తా,
బల్బు వెలగతా ఉందా అని.
వెలగతానే ఉంటాది, పురుగులు చుట్టూ తిరగతా.
అయినా కాసేపు
అక్కడే నిలబడతా.