పన్నెండు సెకన్ల గంట

పోర్చుగల్ పటంలో ఆ ఊరు
చిటికెన వేలిగోటి కింద దాగిపోతుంది.
చేతిపనివాళ్లకు ఆన్‌లైన్ అమ్మకం నేర్పమని
పురపాలక సంఘం నన్ను మూడు శనివారాలకు కుదుర్చుకుంది.
మొదటి వారం ఏడుగురొచ్చారు, రెండో వారం నలుగురు.
మూడో వారం కుస్తోదియు ఒక్కడే,
ఆవుల మెడగంటలు చేసే కుస్తోదియు.
కుడిచెవి మందం, ఎడమచెవి మహా పదును.

స్లైడ్లు కట్టిపెట్టి అతని కొలిమి దగ్గర కూర్చున్నాను.

"ఇంప్రెషన్ అంటే?"
మీ ప్రకటన ఒక తెరమీద ఒకసారి కనబడటం.
"చూశాడా మరి?"
చూడనక్కర్లేదు, కనబడితే చాలు.
"అయితే చెవిటివాడి ముందు ఊదిన శంఖమూ లెక్కేనా?"
లెక్కే. వెయ్యికింత అని కట్టించుకునేవాళ్లూ ఉన్నారు.
సుత్తి ఆపి నావైపు చూశాడు,
ఆ వెయ్యి శంఖాలూ నేనే ఊదినట్టు.

క్లిక్ అంటే తలుపు తట్టడం అన్నాను,
తట్టిన ప్రతిసారీ పన్నెండు సెంట్లు మీ జేబులోంచి.
బౌన్స్ అంటే గడప తొక్కి, తొంగిచూసి,
పలక్కుండా పోవడం.
"ఓ, మా వియ్యంకుడు" అన్నాడు.

నేలమీది మసిలో వేలితో గరాటు గీశాను:
పైన వేలు, నడుమ వందలు, అడుగున ఒక చుక్క.
చాలాసేపు చూశాడు.
"పక్కకి ఒలికింది ఎవరిది?"
మా పాఠాల్లో దానికి పేరు లేదు.

"కన్వర్షన్ అంటే మతం మారడమా?"
కాదు, కొననివాడు కొన్నవాడవడం.
"గంట విని సంతోషపడి వెళ్లిపోయినవాడో?"
వాడు మారనట్టే.
"పాపం" అన్నాడు,
వాడి గురించో, నా గురించో.

కీవర్డ్ మాత్రం అతనే నాకు నేర్పాడు.
నేను "చేతితో చేసిన ఇత్తడి పూత గంట" అని రాస్తే
కొట్టేయించి "తప్పిపోయిన ఆవు" అని పెట్టించాడు.
ఆ మాటకు పోటీ పడినవాళ్లు లేరు. కారుచౌకగా దొరికింది.

బొమ్మ కింద పన్నెండు సెకన్ల శబ్దం పెట్టాం.
పద్నాలుగు రోజులు.
తొమ్మిదివేల రెండువందల పన్నెండు ఇంప్రెషన్లు.
మూడువందల పదకొండు క్లిక్కులు.
అమ్మకం సున్నా.
ఒక సందర్శకుడు మాత్రం నలభైమూడు సార్లొచ్చాడు,
అర్ధరాత్రి దాటాక, బొమ్మలు ముట్టకుండా,
ధర చూడకుండా, ఆ శబ్దం ఒక్కటే నొక్కుతూ.
మనిషి కాదు, బాట్ అనుకున్నాను.
ఫిల్టర్ పెట్టి తీసేశాను.
సగటు శుభ్రపడింది.

తర్వాతి వారం కొలిమిలో గోడఫోను మోగింది.
సావ్ జోర్జ్ దీవినుంచి దెయొలిందా అట.
చూపు రోజురోజుకీ మసకబారుతోందట,
కొండమీదేమో మబ్బు దిగితే పూటంతా కదలదట.
"ఆరు ఆవులు. ఆరు గొంతులు కావాలి.
మొదటిది మీరు వినిపించిందే. అది నాకు కంఠతా వచ్చేసింది.
తక్కిన ఐదూ దానికింద మెట్టుమెట్టుగా దిగాలి.
ఆఖరిది కుంటిది, దానికి కాస్త బొంగురుగా."
ఎడమచెవికి రిసీవర్ ఆనించుకుని
కుస్తోదియు కళ్లు మూసుకున్నాడు.

నా నివేదికలో అమ్మకం ఇంకా సున్నాయే.
ఫోనులో వచ్చినదానికి గడి లేదు.
పురపాలక సంఘం నివేదిక అందినట్టు సంతకం చేసింది.

ప్రకటన ఇంకా నడుస్తోంది.
ఒకసారి చూసినవాళ్లను వెంటాడమని నేనే పెట్టాను కదా,
ఇప్పుడది నన్నే వెంటాడుతోంది:
వాతావరణం కింద, చెప్పుల బేరాల మధ్య,
ఎవోరా బస్సులో నా ఫోనుమీద
శబ్దం లేకుండా ఊగుతుంది గంట.
బొటనవేలు దానిమీద దాకా వెళ్తుంది.
నొక్కితే
అతనికి పన్నెండు సెంట్లు.