చాలు అనే కార్డు

సాల్మియాలో మూడో అంతస్తు. ఏసీ గుయ్యిమంటే
ఘానిమ్ చెవులు మూసుకుంటాడు.
పదకొండేళ్లు. మాట లేదు.
బొమ్మల కార్డులే మా ఇద్దరి భాష:
నీళ్లు, ఉయ్యాల, నొప్పి, చాలు.

'చాలు' నేర్పడానికి ఏడు నెలలు పట్టింది.
నా ముంజేతి మీద వాడు
పళ్లతో దిద్దిన ఓనమాలు ఇంకా చెరగలేదు.

అకామాలో నేను టీచర్ని కాను, ఆయాని.
స్పెషల్ బీఎడ్ పట్టా మీద ఎన్ని ముద్రలు పడ్డాయో
జీతంలో అన్ని కోతలు.
పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో నిద్రపోతోంది.
అడిగితే మేనేజరు 'బుక్రా' అంటాడు.
ఘానిమ్‌కి రేపు అంటే
గడి గీసి, రంగేసి చూపిస్తాను.
నా రేపుకి గడి లేదు.

నిన్న క్లాసు మధ్యలో వచ్చి
ఇంకో రెండేళ్ల కాగితం బల్ల మీద పెట్టి
గొంతు పెంచాడాయన.
ఘానిమ్ లేచాడు. వెల్క్రో చర్రుమంది.
ఆయన అరచేతిలో కార్డు పెట్టి
నా వెనక్కొచ్చి నిలబడ్డాడు.

"ఏంటిది?"

"ఏసీ సద్దు పడదు సార్ వాడికి"
అని పెన్ను మూత తీశాను.